శీతాకాలంలో ఆరుబయట తొట్లలో రంగు చేపల సంరక్షణ

ఆదిలాబాద్ జిల్లాలోను, లంబసింగి, చింతపల్లి వంటి తూర్పు కనుమల ప్రాంతాలలోను డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువకు పడిపోవడం తరచుగా జరిగేదే. పెరటి సిమెంటు తొట్లలో గోల్డ్‌ఫిష్, కోయి కార్ప్ పెంచేవారికి ఇది గడ్డుకాలం. అయితే శీతాకాల యాజమాన్యంపై లభించే సమాచారంలో అధికభాగం, నీటిపై మంచు గడ్డకట్టే శీతల దేశాలకు ఉద్దేశించినది. దానిని యథాతథంగా ఇక్కడ అనుసరించడం సరికాదు. అక్కడ చలి నెలల తరబడి నిలకడగా ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం ఎండ కాసి, తెల్లవారుజామున వణికిస్తుంది. చేపకు ప్రధాన సమస్య చలికంటె ఈ హెచ్చుతగ్గులే.

నీటికి 4 డిగ్రీల వద్ద సాంద్రత అత్యధికం. అందువలన మంచు కప్పిన కొలనులో అడుగునీరు పైనీటికంటె వెచ్చగా ఉండి చేపలకు ఆశ్రయమవుతుంది. ఆ వెచ్చని పొర చెదరకుండా గాలి రాయిని పైకి జరపాలన్న సలహా అక్కడ సమంజసమే. మన తొట్లలో నీరు 4 డిగ్రీలకు చేరదు. ఉపరితలంలో చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, తెల్లవారేసరికి అడుగు కూడా అంతే చల్లబడుతుంది. కాబట్టి లోతైన తొట్టి వలన ఒనగూరే మేలు వెచ్చని పొర కాదు, వేడిని నిలువచేసే నీటి పరిమాణం. ఉదాహరణకు చదరపు మీటరు ఉపరితలం నుండి 12 గంటలలో 4,320 కిలోజౌళ్ల ఉష్ణం నష్టమైతే, 30 సెంటీమీటర్ల లోతు నీరు సుమారు 3.4 డిగ్రీలు చల్లబడుతుంది. అదే మీటరు లోతు నీరు ఒక్క డిగ్రీ మాత్రమే తగ్గుతుంది. గోడల ద్వారా జరిగే నష్టం ఈ లెక్కలో లేదు. నేలపై కట్టిన తొట్టికి అదీ తోడవుతుంది గనుక భూమిలోకి దించి కట్టిన తొట్టి మేలు.

చలిని తట్టుకొనే శక్తి జాతినిబట్టే కాక, చేప అంతకుముందు గడిపిన ఉష్ణోగ్రతను బట్టి కూడా మారుతుంది. ఫ్రై, ఆయన సహశాస్త్రవేత్తలు గోల్డ్‌ఫిష్ పిల్లలపై జరిపి 1942లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని నిరూపించింది. పైగా చలికి అలవడడం వేడికి అలవడడంకంటె నెమ్మదిగా సాగుతుంది. దుకాణంలో 26 డిగ్రీల నీటిలో ఉన్న గోల్డ్‌ఫిష్‌ను డిసెంబరులో కొని నేరుగా ఆరుబయట వదిలితే, ‘చలికి తట్టుకొనే చేప’ అన్న పేరు దానిని కాపాడదు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే బయటికి మార్చినట్లయితే నీటితోపాటు చేప కూడా క్రమంగా సర్దుకుంటుంది. గోల్డ్‌ఫిష్‌లలో సాధారణ, కామెట్, షుబున్‌కిన్ రకాలు దృఢమైనవి. గుండ్రని దేహంగల ఒరాండా, పెర్ల్‌స్కేల్, కంటికింద తిత్తులుండే బబుల్ ఐ రకాలను లోపలికి తరలించడం మంచిది. డిస్కస్, ఏంజెల్, ఫైటర్ చేపల విషయంలో ఆలోచించవలసినదే లేదు, అవి శీతాకాలంలో బయట ఉండదగినవి కావు.

మేత విషయంలో జరిగే పొరపాటు మరింత నష్టదాయకం. కార్ప్ కుటుంబపు చేపలకు జీర్ణాశయం ఉండదు, ఆహారం నేరుగా పేగులోకి చేరుతుంది. అది జీర్ణమయ్యే వేగం నీటి ఉష్ణోగ్రతపై ఆధారపడుతుంది. మధ్యాహ్నం చురుకుగా ఈదే చేపలు ఆకలిగా ఉన్నట్లే కనిపిస్తాయి, కాని సాయంత్రం వేసిన మేత రాత్రి చలిలో పేగులోనే నిలిచిపోతుంది. అందుచేత తెల్లవారుజామున కొలిచిన ఉష్ణోగ్రతనే ప్రమాణంగా తీసుకోవాలి. అది 15 డిగ్రీలకంటె తగ్గితే వారానికి రెండు మూడు పర్యాయాలు, పూర్వాహ్ణంలో, సులభంగా జీర్ణమయ్యే మేతను కొద్దిగా వేయాలి. 10 డిగ్రీలకంటె తగ్గితే మేత పూర్తిగా ఆపాలి. మిగిలిన మేత నుండి వెలువడే అమ్మోనియాను మార్చవలసిన నత్రీకరణ బాక్టీరియా కూడా చలిలో మందగిస్తుంది. పచ్చబడిన నీటిలో మధ్యాహ్నం పి.హెచ్. పెరిగి అమ్మోనియా విషప్రభావం హెచ్చుతుంది కనుక, ఉదయపు పరీక్ష ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండరాదు.

రాత్రివేళ తొట్టిపై తడికగాని పాలిథిన్‌గాని కప్పితే ఆకాశంలోకి పోయే ఉష్ణం తగ్గుతుంది. అయితే గాలి ఆడేందుకు ఒకవైపు ఖాళీ వదలాలి, ఎండ రాగానే తొలగించాలి. వరిగడ్డిని నీటిలో వేయరాదు, అది కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది. నీటిని ఎగజిమ్మే ఫౌంటెన్‌ను రాత్రి ఆపి, గాలి రాయిని మాత్రం కొనసాగించాలి. శీతాకాలపు ఉదయం బోరునీరు గోరువెచ్చగా ఉండడం రైతులందరికీ అనుభవమే. దానిని వాడుకోవచ్చుగాని, అందులో ప్రాణవాయువు తక్కువ. సన్నని తుంపరగా, తొట్టి నీటిలో పదోవంతుకు మించకుండా కలపడం క్షేమం.

చలి తగ్గే ఫిబ్రవరిలో ఏమరుపాటు కూడదు. వ్యాధికారకాలు చురుకు తెచ్చుకొనే సమయానికి చేపల రోగనిరోధక శక్తి ఇంకా కోలుకొని ఉండదు. తెల్లమచ్చ వ్యాధి పరాన్నజీవి జీవితచక్రం 25 డిగ్రీల వద్ద వారంలోపే ముగిస్తే, 10 డిగ్రీల వద్ద నెలకు పైగా పడుతుంది. కావున వేసవిలో సరిపోయే నాలుగైదు రోజుల చికిత్స చల్లని నీటిలో ఫలించదు. మచ్చలు కనబడకపోయినా చికిత్సను కొనసాగించవలసి ఉంటుంది. 1988 నుండి దేశంలో కొర్రమేనును, పరిగెలను పీడిస్తున్న పుండ్ల వ్యాధి కూడా చలికాలంలోనే విజృంభిస్తుంది, గోల్డ్‌ఫిష్‌కూ సోకగలదు. ఈ నెలలలో చెరువునీటిని, చెరువునుండి తెచ్చిన మొక్కలను తొట్టిలో చేర్చకపోవడం ఉత్తమం. అలాగే పోషించలేని కోయి, గోల్డ్‌ఫిష్‌లను చెరువులో వదలరాదు. చలిని, ప్రాణవాయువు కొరతను తట్టుకొనే వాటి గుణమే అక్కడి స్థానిక చేపలకు ముప్పు.