మస్సాలియా: నీడను కొలిచిన రేవు పట్టణం

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్ నగరం మొదట ఒక గ్రీకు వలస పట్టణం. నేటి టర్కీ పడమటి తీరాన ఉన్న ఫొకాయియా నుంచి వచ్చిన నావికులు క్రీ.పూ. 600 ప్రాంతంలో దీన్ని నెలకొల్పారు. నాటి పేరు మస్సాలియా. నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఓడలకు రక్షణ ఇచ్చింది. సమీపంలోని రోన్ నది లోపలి ప్రాంతాలకు వర్తక మార్గమైంది.

దూర ప్రయాణాలకు దిక్కూ దూరమూ తెలియాలి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఈ ఊరివాడైన పిథియాస్ నిలువు కర్ర నీడను కొలిచాడు. ప్రాచీనులు చెప్పిన లెక్క ప్రకారం, వేసవి అయనాంతం నాటి మధ్యాహ్నం కర్ర ఎత్తు 120 పాళ్లయితే నీడ పొడవు దాదాపు 42 పాళ్లు. అంటే సూర్యుడు నడినెత్తికి సుమారు 19 డిగ్రీలు దక్షిణంగా ఉన్నాడు. ఆ రోజు సూర్యుడు కర్కటరేఖపై నడినెత్తిన ఉంటాడు. కర్కటరేఖ అక్షాంశమైన 23.5 డిగ్రీలను దీనికి కలిపితే దాదాపు 43 వస్తుంది. మార్సెయ్ అక్షాంశం 43.3 డిగ్రీలు!

పిథియాస్ అట్లాంటిక్ మీదుగా బ్రిటన్ దాకా వెళ్లాడు. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు స్వల్పం. అక్కడ అవి భారీగా ఉన్నాయి. వాటికి చంద్రుడితో సంబంధం ఉందని అతడు గుర్తించాడు. మూడు శతాబ్దాల తరువాత భూగోళవేత్త స్ట్రాబో అతణ్ణి అబద్ధాలకోరు అన్నాడు. పిథియాస్ గ్రంథం నశించింది. మస్సాలియా కూడా క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్‌కు లొంగిపోయి ప్రాభవం కోల్పోయింది. ఆ నీడ లెక్క మాత్రం నిలిచింది. ఎందుకంటే దాన్ని ఎవరైనా తిరిగి కొలిచి చూడవచ్చు.

మార్చి 21న మధ్యాహ్నం మీరూ ఒక కర్ర పాతి, అతి పొట్టి నీడను కొలవండి. నీడను కర్ర ఎత్తుతో భాగిస్తే ఒక కోణపు టాంజెంట్ వస్తుంది. ఆ కోణమే మీ ఊరి అక్షాంశం.