దాడి వ్యూహం చూసి ఆటగాళ్లు వస్తారా? అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో తెగని చర్చ

అమెరికాలో పాఠశాల చదువు ముగిస్తున్న మేటి ఫుట్‌బాల్ క్రీడాకారులకు ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ఏ విశ్వవిద్యాలయంలో చేరాలి? అక్కడి వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్, పాఠశాల విద్య ముగించి మూడేళ్లు నిండనివారిని తీసుకోదు. అందువల్ల ఈ మధ్యకాలంలో కళాశాల జట్టే వారికి శిక్షణశాల, ప్రతిభను చాటుకునే వేదిక కూడా. ఆ జట్టు ఆడే తీరు తమకు నప్పుతుందా, లేదా అన్నదానిపై వారి భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది. జట్టు అనుసరించే దాడి వ్యూహం ప్రతిభావంతులను ఆకర్షిస్తుందా, దూరం చేస్తుందా అన్న చర్చకు మూలం ఇదే.

రెండు దారులు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు 11 మంది ఉంటారు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని కనీసం 10 గజాలు ముందుకు చేర్చాలి. అందుకు బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చు, లేదా ముందున్న సహచరుడికి విసరవచ్చు. దాదాపు ప్రతి ఎత్తుగడ క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి చేతుల మీదుగా మొదలవుతుంది. విసిరిన బంతిని ప్రధానంగా అందుకునేవారు రిసీవర్లు. ‘ట్రిపుల్ ఆప్షన్’ పద్ధతి దాదాపుగా పరుగుపైనే ఆధారపడుతుంది. ‘ఎయిర్ రెయిడ్’ పద్ధతిలో బంతి ఎక్కువగా గాలిలోనే ప్రయాణిస్తుంది. వృత్తి లీగ్‌లో విసురుడుకే ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి, పరుగు జట్టులో చేరితే అక్కడికి దారి మూసుకుపోతుందన్న భయం క్వార్టర్‌బ్యాక్‌లలో, రిసీవర్లలో సహజం.

జార్జియా టెక్ అనుభవం

2008 నుంచి 2018 వరకు జార్జియా టెక్ జట్టుకు పాల్ జాన్సన్ శిక్షణ ఇచ్చారు. ఆయనది ట్రిపుల్ ఆప్షన్ పద్ధతి. 2014 సీజన్‌లో ఆ జట్టు 11 విజయాలు సాధించి, ఆరెంజ్ బౌల్‌లో మిసిసిపి స్టేట్‌ను ఓడించింది. ఈ పద్ధతిలో రిసీవర్లకు అవకాశాలు తక్కువే అయినా, వచ్చిన అవకాశం పెద్దదిగా ఉంటుంది. ప్రత్యర్థులంతా పరుగును ఆపడంలో మునిగిపోతే రిసీవర్‌ను ఒక్కడే కాపు కాయాల్సి వస్తుంది. 2009లో డెమరియస్ థామస్ 46 బంతులు మాత్రమే అందుకుని 1,154 గజాలు సాధించాడు. మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లోనే ఎంపికయ్యాడు. అయితే థామస్ జార్జియా టెక్‌లో చేరింది జాన్సన్ రాకకు ముందు. కాబట్టి పరుగు పద్ధతి రిసీవర్ ఎదుగుదలను అడ్డుకోదనడానికే అతను నిదర్శనం. అది అతన్ని ఆకర్షించిందని చెప్పడానికి వీల్లేదు.

జాన్సన్ తర్వాత వచ్చిన శిక్షకుడు ఆ పద్ధతిని విడిచిపెట్టారు. తర్వాతి మూడు సీజన్లలో జట్టుకు ఏటా మూడేసి విజయాలే దక్కాయి. ఒక వ్యూహం కోసం కూర్చుకున్న ఆటగాళ్లు మరో వ్యూహంలో ఇమడటం ఎంత కష్టమో ఇది సూచిస్తుంది.

విసురుడు జట్ల ఆకర్షణ

ఓక్లహోమాది భిన్నమైన కథ. శిక్షకుడు లింకన్ రైలీ దాడి వ్యూహంలో ఆడిన బేకర్ మేఫీల్డ్ 2017లో, కైలర్ మర్రీ 2018లో హైస్మన్ ట్రోఫీ గెలిచారు. ఇద్దరూ తమ తమ డ్రాఫ్ట్‌లలో మొట్టమొదటి ఎంపికలుగా నిలిచారు. అలబామాలో స్థానం కోల్పోయిన జేలెన్ హర్ట్స్ 2019లో అక్కడికే మారి, ఆ ఏడాది హైస్మన్ ఓటింగ్‌లో రెండో స్థానం పొందాడు. 2021 చివర్లో రైలీ సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లగా, 2022లో క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ ఆయన వెంట నడిచాడు. అదే ఏడాది హైస్మన్ అందుకున్నాడు. ఒక వ్యూహంపై ఏర్పడిన నమ్మకం ఆటగాళ్లను ఎంత దూరమైనా రప్పించగలదు.

అలాగని వ్యూహమే సర్వస్వం కాదు. 2008లో దేశంలోని అగ్రశ్రేణి యువ రిసీవర్లలో ఒకడైన జూలియో జోన్స్, పరుగుకు, రక్షణకు పెద్దపీట వేసే అలబామాలో చేరాడు. అది అతని సొంత రాష్ట్రం. అక్కడి శిక్షకుడు నిక్ సేబన్. గెలుపు అవకాశాలు, శిక్షకుడి పేరు, ఇంటికి దగ్గరగా ఉండటం వంటివి వ్యూహాన్ని మించి పనిచేస్తాయి.

స్థానాన్ని బట్టి సమాధానం

నెమ్మదైన దాడికి పేరుపడిన అయోవా నుంచి 2019లో టి.జె. హాకెన్సన్, నోవా ఫాంట్ ఇద్దరూ తొలి రౌండ్‌లో ఎంపికయ్యారు. ఇద్దరూ టైట్ ఎండ్‌లే, అంటే అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసేవారు. విస్కాన్సిన్‌లో జోనథన్ టేలర్ మూడు సీజన్లలోనే 6,000 గజాలకు పైగా పరుగెత్తాడు. రిసీవర్‌ను వెనుకాడేలా చేసే వ్యూహమే పరుగు వీరుడికి, లైన్‌మన్‌కు ఆహ్వానం పలుకుతుంది.

కొన్నిచోట్ల కార్యకారణాలు తలకిందులవుతాయి. అమెరికా సైనిక అకాడమీలో చదివితే తర్వాత సైన్యంలో పనిచేయాలి. శారీరక ప్రమాణాలూ కఠినం. కాబట్టి భారీకాయులైన లైన్‌మన్‌లు అక్కడ అరుదు. ఆ లోటును పూడ్చుకోవడానికే ఆ జట్టు ఏళ్ల తరబడి ఆప్షన్ పద్ధతిని నమ్ముకుంది. 2018లో ఆర్మీ జట్టు 60 నిమిషాల ఆటలో సుమారు 45 నిమిషాలు బంతిని తన వద్దే ఉంచుకుని, ఓక్లహోమాను అదనపు సమయం దాకా లాక్కెళ్లింది. చివరకు 21–28తో ఓడింది. ఇక్కడ దొరికే ఆటగాళ్లే వ్యూహాన్ని నిర్ణయించారు.

మారిన పరిస్థితి

2021 జులై నుంచి కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం ద్వారా ఆదాయం పొందవచ్చు. అదే ఏడాది, ఒకసారి జట్టు మారితే ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాలన్న నిబంధన సడలింది. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లింపులు జరిపేందుకు అనుమతి లభించింది. దీంతో ఎంపికలో డబ్బు ప్రమేయం పెరిగింది. నప్పని వ్యూహంలో చిక్కుకున్నవారికి బయటపడే దారి కూడా సుగమమైంది.

మొత్తంమీద దాడి వ్యూహం ఒక జట్టుకు ప్రతిభావంతులు వస్తారా, రారా అన్నది ఒంటరిగా తేల్చదు. ఎలాంటి ప్రతిభ వస్తుందన్నది మాత్రం చాలావరకు నిర్ణయిస్తుంది. అందుకే వ్యూహం మార్చే శిక్షకుడికి గెలుపు కన్నా ముందు కావలసింది, తనకు తగిన ఆటగాళ్లు సమకూరేదాకా నిరీక్షించే యాజమాన్యం.