పాత బైకు ట్యాపెట్లు: వెంట్రుకవాసి ఖాళీలో భౌతికశాస్త్రం

మా నాన్నగారు బడిపంతులు. ఆయన వంద సీసీ బండి నాకంటే నాలుగేళ్లే చిన్నది. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒక మార్చి సాయంత్రం, ఇంజిన్ పైభాగంలో టిక్ టిక్ మని చప్పుడు వస్తోందని, ఆయన బయటి నుంచి రాగానే ట్యాపెట్లు నేనే సరిచేశాను. ఫీలర్ గేజ్ పెట్టి కొలిచే చేశాను. చప్పుడు పోయింది. "కొత్త బండిలా ఉందిరా" అని ఆయన మురిసిపోయారు. మర్నాడు పొద్దున పదో తరగతి పరీక్షల డ్యూటీ. ఎన్ని కిక్కులు కొట్టినా బండి స్టార్ట్ కాలేదు. పక్కింటివాళ్ల స్కూటర్ వెనక కూర్చుని వెళ్లేసరికి గంట కొట్టేశారు.

ఆ సాయంత్రం మూతలు విప్పి చూస్తే, ముందురోజు గేజ్ చక్కగా దూరిన చోట అసలు ఖాళీయే లేదు. రాత్రంతా బండిని ఎవరూ ముట్టుకోలేదు. మరి ఖాళీ ఎటు పోయింది?

ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్లో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని లోపలికి రానివ్వడానికి ఒక వాల్వు, కాలిన వాయువులను బయటికి పంపడానికి మరొకటి ఉంటాయి. (ఆర్‌ఎక్స్ 100 లాంటి టూస్ట్రోక్ బండ్లలో ఇలాంటి వాల్వులు ఉండవు. ఆ బండి నడిపేవారికి ఈ గొడవ లేదు.) వాల్వు అంటే పొడవాటి కాడకు కింద గొడుగు తగిలించినట్టుండే ఉక్కు ముక్క. స్ప్రింగు దాన్ని పైకి లాగి సీటుకు అదిమి పడుతుంది. కామ్ తిరిగినప్పుడు రాకర్ అనే చిన్న చేయి కాడ కొనను నొక్కి తెరుస్తుంది. వాల్వు మూసి ఉన్నప్పుడు రాకర్‌కూ కాడ కొనకూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి. మన మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్ అనేది ఈ ఖాళీని సరిచేయడాన్నే. చాలా వంద సీసీ బండ్లలో ఇది 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. మీ బండికి కచ్చితంగా ఎంతో మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఈ కొలత ఎంత సున్నితమో చిన్న లెక్క చెబుతుంది. వాల్వు పొడవు 65 మి.మీ. అనుకుందాం. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షలకు 12 వంతులు సాగుతుంది. అల్యూమినియం దాదాపు 23 వంతులు. వాల్వునూ రాకర్‌నూ మోసే సిలిండర్ హెడ్ అల్యూమినియం మిశ్రమలోహం. రెండూ వంద డిగ్రీలు వేడెక్కితే వాల్వు 0.08 మి.మీ., దాని పక్కనే అంతే పొడవున్న హెడ్ 0.15 మి.మీ. సాగుతాయి. తేడా 0.07 మి.మీ. అంటే మనం పెట్టాల్సిన ఖాళీ కంటే ఎక్కువ!

నా పొరపాటు ఇక్కడే ఉంది. వేడి మీద హెడ్ సాగి, రాకర్ పైకి జరిగి, ఖాళీ పెరిగింది. ఆ పెరిగిన ఖాళీని నేను 0.05కు తగ్గించాను. రాత్రి హెడ్ చల్లారి ముడుచుకునేసరికి రాకర్ వచ్చి వాల్వు మీద కూర్చుంది. వాల్వు సీటుకు ఆనలేదు. పిస్టన్ మిశ్రమాన్ని నొక్కుతుంటే అది సందులోంచి తప్పించుకుపోతుంది. ఒత్తిడి లేని చోట ఎన్ని కిక్కులు కొట్టినా ఏం లాభం?

అసలు కథ ఇంత సూటిగా ఉండదు. రెండూ సమానంగా వేడెక్కవు. బండి స్టార్ట్ చేసి వెంటనే గట్టిగా తోలితే, హెడ్ కంటే ముందు ఎగ్జాస్ట్ వాల్వు కాగుతుంది. దాని తల ఉష్ణోగ్రత 600 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లగలదు. పైగా దాన్ని చేసే ప్రత్యేకమైన ఉక్కు మామూలు ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. ఆ కాసేపట్లో ఖాళీ తగ్గుతుంది, తర్వాత హెడ్ వేడెక్కాక మళ్లీ పెరుగుతుంది. ఈ ఒడుదొడుకులన్నింటిలోనూ వాల్వు పూర్తిగా మూసుకోవాలి కాబట్టి తయారీదారు ఒక కొలత నిర్ణయించి, చల్లటి ఇంజిన్ మీదే దాన్ని పెట్టమంటాడు. చల్లటి అంటే రాత్రంతా ఆగి ఉన్నదని అర్థం. టీ తాగి వచ్చేలోగా చల్లారినది లెక్కలోకి రాదు.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ది మరో దారి. 1955 నుంచి మద్రాసులో తయారైన ఈ బండిలో కామ్ కింద ఉంటుంది, పొడవాటి పుష్‌రాడ్లు దాని కదలికను పైకి మోస్తాయి. చల్లగా ఉన్నప్పుడు ఇందులో పెట్టాల్సిన ఖాళీ సున్నా! పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. గేజ్‌తో పనే లేదు. బారెల్, హెడ్ వేడెక్కి ఎత్తు పెరుగుతాయి, పుష్‌రాడ్లు అంతగా కాగవు. దాంతో ఖాళీ దానంతటదే ఏర్పడుతుంది. తర్వాతి కాలపు యూసీఈ ఇంజిన్లలో ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లు వచ్చి ఈ పనే లేకుండా పోయింది.

ఇక చప్పుడు సంగతి. ట్యాపెట్ మోగితే బండి పాడైపోతోందని చాలామంది కంగారు పడతారు. నిజానికి ఖాళీ కొంచెం ఎక్కువైతే రాకర్ వాల్వును సుత్తిలా కొడుతుంది, వాల్వు కాస్త ఆలస్యంగా తెరుచుకుని త్వరగా మూసుకుంటుంది. మంచిది కాదు గానీ, అది మనకు వినిపిస్తుంది. ఖాళీ తగ్గినప్పుడు మాత్రం ఇంజిన్ ఇంకా నెమ్మదిగా, ఇంపుగా నడుస్తుంది. చప్పుడు లేకుండానే కీడు జరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనిన క్షణాల్లోనే హెడ్‌కు వదిలించుకుంటుంది. సరిగా ఆనకపోతే వేడి పోయే దారి మూసుకుపోతుంది. పైగా మండుతున్న వాయువులు ఆ సన్నని సందులోంచి గ్యాస్ కట్టర్ మంటలా దూసుకొస్తాయి. వాల్వు అంచు కొంచెం కొంచెంగా కాలి, చివరికి చిల్లు పడుతుంది.

పైగా అరుగుదల మనం ఊహించని దిక్కుకూ వెళ్తుంది. గంటకు 50 కి.మీ. వేగంలో ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందనుకుంటే, కిలోమీటరుకు ఒక్కో వాల్వు 3,000 సార్లు సీటును తాకుతుంది. మూడు వేల కిలోమీటర్లకు 90 లక్షల సార్లు. రాకర్, కామ్ అరిగితే ఖాళీ పెరుగుతుంది. సీటు అరిగితే వాల్వు హెడ్‌లోకి కూరుకుపోయి, కాడ కొన పైకి జరిగి ఖాళీ తగ్గుతుంది. చెవికి తెలిసేది మొదటిదే.

ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు. పొద్దున్నే బండిని మెయిన్ స్టాండ్ వేసి, స్పార్క్ ప్లగ్ తీసేయండి, ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. హెడ్ మీది రెండు ట్యాపెట్ మూతలు, ఎడమ వైపు మాగ్నెటో మూత మీది రెండు బిళ్లలు విప్పండి. లోపలి నట్టుకు స్పానర్ పెట్టి, ముందుకు నడిచే దిశలోనే, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పుతూ, ఫ్లైవీల్ మీది 'టీ' గుర్తును గాడికి ఎదురుగా తెచ్చుకోండి. అయితే పిస్టన్ పైకి రావడం ఒక్కో చక్రంలో రెండుసార్లు జరుగుతుంది. ఎగ్జాస్ట్ ముగిసి ఇన్‌టేక్ మొదలయ్యే చోట రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉంటాయి, అక్కడ కొలిస్తే అంతా తప్పే. రెండు రాకర్లనూ వేళ్లతో కదిపి చూడండి. రెండూ కొద్దిగా ఆడితే అదే సరైన చోటు. బిగుతుగా ఉంటే మరో పూర్తి చుట్టు తిప్పండి. అప్పుడూ ఏదైనా ఒకటి ఆడకపోతే, దాని ఖాళీ ఇప్పటికే పోయిందన్నమాట.

గేజ్ రేకు దూరాలి, లాగేటప్పుడు పుస్తకాల దొంతర కింది నుంచి కాగితం లాగినట్టు కొద్దిగా పట్టాలి. లేకపోతే లాక్ నట్ వదులు చేసి చదరపు తల ఉన్న స్క్రూను తిప్పండి. మర పిచ్ అర మిల్లీమీటరైతే చుట్టులో పదో వంతు తిప్పితేనే 0.05 మి.మీ. మారిపోతుంది, అందుకే చేయి నెమ్మదిగా ఆడాలి. నట్ బిగించేటప్పుడు మరల మధ్య ఉన్న వదులు పోయి కొలత మళ్లీ మారుతుంది. స్క్రూను కదలకుండా పట్టుకుని బిగించి, మరోసారి కొలవడం తప్పదు. గేజ్ బదులు గడ్డం గీసుకునే బ్లేడు పెట్టేవారిని చూశాను. ఆ బ్లేడు మందం 0.1 మి.మీ. మీ బండికి 0.05 కావాలంటే అది రెట్టింపు!

స్క్రూను తాకకముందే ఉన్న ఖాళీ ఎంతో కొలిచి, కిలోమీటర్లతో సహా ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. నాన్నగారి బండి పుస్తకంలో ఇన్‌టేక్ అంకె ఏళ్లుగా పెద్దగా కదల్లేదు. ఎగ్జాస్ట్ ఖాళీ మాత్రం గత మూడుసార్లూ కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. సీటు అరుగుతోంది. ఈ వేసవి సెలవుల్లో హెడ్ విప్పించాలి.