నిద్రపోని వైఫై: చిన్న లినక్స్ కంప్యూటర్‌లో విద్యుత్ పొదుపును శాశ్వతంగా ఆపడం

తెర, కీబోర్డు ఏవీ లేకుండా ఇంట్లో ఒక మూలన ఉండి, ఎవరైనా పిలిచినప్పుడు బదులు పలకడమే ప్రధానమైన పనిగా గల చిన్న లినక్స్ కంప్యూటర్లకు వైఫై విద్యుత్ పొదుపు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఈ తరగతి యంత్రాల్లో అందరికీ బాగా తెలిసినది బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో పుట్టి 2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్ప్‌బెర్రీ పై. అరచేతిలో ఇమిడే ఈ బోర్డుకు మొదటి నాలుగేళ్లూ సొంత వైఫై లేనందువల్ల యూఎస్‌బీకి తగిలించే డాంగిల్ మీద ఆధారపడవలసి వచ్చేది. సరిగ్గా 2016 ఫిబ్రవరి 29న వచ్చిన మూడో తరంతో వైఫై చిప్ బోర్డు మీదికే చేరడంతో, కేబుల్ అవసరం లేకుండా ఫైళ్ల నిల్వకూ, కెమెరా కాపలాకూ, ప్రింటర్ పంపకానికీ దీన్ని నియమించుకోవడం సులభమైంది. అయితే ఇలా నియమించినవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది: యంత్రం వెలుగుతూనే ఉంటుంది, రౌటర్ దాన్ని తన జాబితాలో చూపుతూనే ఉంటుంది, కానీ ల్యాప్‌టాప్ నుంచి పిలిస్తే ఆలస్యంగా పలుకుతుంది లేదా అసలే పలకదు.

దీనికి మూలం వైఫై ప్రమాణంలోనే ఉంది. 1997లో వెలువడిన తొలి ప్రమాణం నాటి నుంచే బ్యాటరీతో నడిచే పరికరాల కోసం ఒక ఏర్పాటు ఉంది. దాని ప్రకారం పరికరం తాను నిద్రలోకి వెళ్తున్నట్టు రౌటర్‌కు ముందుగా తెలిపి తన రేడియోను ఆపుకుంటుంది; ఆ సమయంలో దానికోసం వచ్చిన సమాచారాన్ని రౌటర్ తన దగ్గర దాచిపెడుతుంది. రౌటర్ సాధారణంగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ అనే చిన్న ప్రకటనను ప్రసారం చేస్తూ, ఎవరెవరి పేరిట ఏదైనా నిల్వ ఉన్నదో అందులో సూచిస్తుంది. నిద్రిస్తున్న పరికరం ఆ వేళకు మేలుకొని ప్రకటన విని, తన వంతు ఏదైనా ఉంటే తెప్పించుకొని, లేకపోతే మళ్లీ నిద్రపోతుంది. జేబులోని ఫోన్‌కు ఇది ఎంతో తెలివైన ఏర్పాటు, ఎందుకంటే ఫోన్ ఎక్కువగా తానే అడిగి తెచ్చుకుంటుంది. పిలుపు కోసమే ఎదురుచూసే యంత్రం సంగతి వేరు: ఇంటి నెట్‌వర్క్‌లో కొద్ది మిల్లీసెకన్లలో రావలసిన జవాబు వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది, దూరం నుంచి టెర్మినల్ తెరిచి అక్షరాలు కొడుతుంటే అవి తెర మీద ఆగి ఆగి పడతాయి.

ఆలస్యం కంటే విసిగించేది అదృశ్యం. ల్యాప్‌టాప్ ఒక యంత్రాన్ని పలకరించే ముందు ‘ఈ చిరునామా ఎవరిది’ అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అడుగుతుంది. పేరు చివర ‘లోకల్’ చేర్చి పిలిచే పద్ధతి కూడా ఇలాంటి సామూహిక ప్రసారం మీదే ఆధారపడుతుంది. నిద్రించే పరికరాలు ఉన్నప్పుడు రౌటర్ ఈ ప్రసారాలను కొన్ని నిర్ణీత బీకన్ల వెంట మాత్రమే వదులుతుంది. వాటిని చిప్ అందుకోలేకపోతే తిరిగి పంపే బాధ్యత రౌటర్ మీద ఉండదు గనుక, ప్రశ్న గాలిలో కలిసిపోయి, ఎదురుగా వెలుగుతున్న యంత్రమే ‘అందుబాటులో లేదు’ అన్న సందేశం వస్తుంది. అదే యంత్రం తానుగా రౌటర్‌తో మాట్లాడుతున్నంతసేపూ మెలకువగా ఉంటుంది కాబట్టి అప్పుడు పిలిస్తే వెంటనే పలుకుతుంది. ప్రతి నిమిషమూ రౌటర్‌కు ఒక పలకరింపు పంపేలా చేసి కొందరు కాలం గడపడానికి కారణం ఇదే, కానీ అది రోగాన్ని వదిలి లక్షణానికి చేసే వైద్యం.

మందు వేసేముందు రోగ నిర్ధారణ అవసరం. వైఫైని నడిపించడానికి లినక్స్‌లో ‘ఐడబ్ల్యూ’ అనే ఆదేశం ఉంది; దాని పక్కన మొదటి వైఫై పరికరానికి లినక్స్ సాధారణంగా పెట్టే పేరైన ‘డబ్ల్యూలాన్0’నూ, తరవాత ‘గెట్’, ‘పవర్_సేవ్’ అనే మాటలనూ ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పొదుపు ‘ఆన్’లో ఉందో ‘ఆఫ్’లో ఉందో తెలుస్తుంది. ఇప్పటికే ‘ఆఫ్’ అని వస్తే తప్పు మరోచోట ఉన్నట్టే. ముఖ్యంగా నాసిరకం ఛార్జర్‌ను అనుమానించాలి, వోల్టేజి 4.63 కంటే తగ్గితే రాస్ప్‌బెర్రీ పై హెచ్చరిక చూపుతుంది, ఆ స్థితిలో వైఫైతో సహా ఏదీ నిలకడగా పనిచేయదు.

‘ఆన్’ అని వచ్చినప్పుడు, నిర్వాహకుడి అధికారాన్నిచ్చే ‘సుడో’ను ముందు చేర్చి, అదే ఆదేశంలో ‘గెట్’ స్థానంలో ‘సెట్’ అనీ చివర ‘ఆఫ్’ అనీ కొడితే చిప్ ఆ క్షణంలోనే నిద్ర మానేస్తుంది. చాలామంది ఇక్కడితో తృప్తిపడతారు, యంత్రాన్ని ఆపి వెలిగించిన మరునాడు సమస్య తిరిగొచ్చేసరికి ఆదేశమే పనిచేయలేదని అనుకుంటారు. నిజానికి ఆదేశం పనిచేసింది, దానికి జ్ఞాపకం లేదు, అంతే. ఆ విలువ నిలిచేది డ్రైవర్‌లో, అంటే చిప్‌కూ లినక్స్‌కూ మధ్య దుబాసీగా ఉండే ప్రోగ్రాములో; అది మళ్లీ మొదలైనప్పుడల్లా తన పాత అలవాటుకే వెళ్తుంది. పైగా నెట్‌వర్క్‌కు కలిపే ప్రోగ్రాము వద్ద పొదుపు గురించి ఏదైనా విలువ రాసి ఉంటే, కలిపిన ప్రతిసారీ దాన్నే చిప్‌కు చెబుతుంది. చివరగా ఎవరు చెబితే వారి మాటే చెల్లుతుంది కనుక, శాశ్వతమైన మార్పు కావాలంటే ఆ చివరి మాట చెప్పేవారి దగ్గరే రాసిపెట్టాలి.

రాస్ప్‌బెర్రీ పై సొంత ఆపరేటింగ్ సిస్టంలో 2023 అక్టోబరు నాటి బుక్‌వర్మ్ విడుదల నుంచి ఆ పాత్ర నెట్‌వర్క్‌మేనేజర్‌ది. ఉబుంటు డెస్క్‌టాప్‌లోనూ అదే. ‘ఈటీసీ’ అనే సెట్టింగుల ఫోల్డరులో నెట్‌వర్క్‌మేనేజర్‌కు ఒక ఫోల్డరు, దాని లోపల ‘కాన్ఫ్.డి’ అనే మరో ఫోల్డరు ఉంటాయి. అక్కడ ‘.కాన్ఫ్’తో ముగిసే పేరుతో ఒక ఫైలు సృష్టించి, మొదటి వరుసలో చదరపు కుండలీకరణాల మధ్య ‘కనెక్షన్’ అనీ, రెండో వరుసలో ‘వైఫై.పవర్‌సేవ్=2’ అనీ రాసి, ఆ సేవను పునఃప్రారంభిస్తే సరిపోతుంది. ఇక్కడ 2 అంటే పొదుపు వద్దని, 3 అంటే కావాలని, 1 అంటే ఉన్నదాన్ని ముట్టుకోవద్దని అర్థం. ఈ ఫోల్డరులోని ఫైళ్లు అక్షరక్రమంలో చదవబడతాయి, తరవాతి ఫైలు ముందరి దాన్ని తోసిపుచ్చుతుంది. ఉబుంటులో 3 అని రాసి ఉన్న ఫైలు పేరు ‘డిఫాల్ట్’ అనే మాటతో మొదలవుతుంది, అంకెలేమో అక్షరాలకంటే ముందు వరుసలో నిలుస్తాయి. అందువల్ల అన్నిటికంటే చివర ఉంటుందనుకొని 99తో పేరు పెట్టిన ఫైలు ముందే చదవబడి ఓడిపోతుంది. ‘జెడ్’ అక్షరంతో పేరు మొదలుపెట్టడం క్షేమం. ఒక వైఫై ఖాతాకు విడిగా విలువ రాసి ఉంటే ఈ ఉమ్మడి విలువ దానికి వర్తించదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నెట్‌వర్క్‌మేనేజర్ లేని పాత విడుదలల్లో వైఫై పరికరం కనిపించగానే ‘ఐడబ్ల్యూ’ ఆదేశాన్ని నడిపే యూడెవ్ నియమం మేలు. పరికరం ప్రత్యక్షమైన ప్రతిసారీ స్పందించడం యూడెవ్ పని కనుక, డాంగిల్‌ను పీకి మళ్లీ పెట్టినా ఆ నియమం పనిచేస్తుంది, యంత్రం మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే సేవకు ఆ గుణం లేదు.

పొదుపును ఆపడం వల్ల పెరిగే కరెంటు ఖర్చు, గోడ ప్లగ్గుకు ఎప్పుడూ తగిలించి ఉండే యంత్రానికి లెక్కలోకి రానంత స్వల్పం. పొలంలో సౌర ఫలకం మీదా బ్యాటరీ మీదా నడుస్తూ, గంటకోసారి కొలతలు పంపి ఊరుకునే యంత్రానికి మాత్రం ఈ మార్పు చేయకూడదు. అక్కడ పొదుపు ఉండాల్సిందే. మార్పు చేసినవారు యంత్రాన్ని ఒకసారి, రౌటర్‌ను మరొకసారి ఆపి వెలిగించి, రెండుసార్లూ ‘గెట్’ ఆదేశంతో అడిగి చూడాలి. రెండుసార్లూ ‘ఆఫ్’ అనే జవాబు వస్తేనే పని పూర్తయినట్టు.