అంచు చూస్తే పనితనం తెలిసిపోతుంది!

సివిల్ డిప్లొమానో బీటెక్కో పూర్తిచేసి, ఇంటీరియర్ సైట్లలో ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఒకసారి తల పైకెత్తి చూడండి. ఆఫీసులు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లలో కనిపించే ఫాల్స్ సీలింగ్‌లలో చాలావాటికి జిప్సం బోర్డే ఆధారం. డ్రాయింగ్ చదవడం కాలేజీలో నేర్పుతారు. కోసిన బోర్డు అంచును చేత్తో ఎలా నునుపు చేస్తారో మాత్రం సైట్‌లోనే తెలుస్తుంది. కొత్త ఇంజినీరుకు పని తెలుసో లేదో మేస్త్రీ పసిగట్టేది ఇలాంటి చోటే.

అంచుతో ఏం పని?

రెండు దళసరి కాగితాల మధ్య జిప్సం ఉంటే అదే బోర్డు. మన దగ్గర 12.5 మి.మీ. మందం ఉన్నవి బాగా వాడతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పొడవాటి అంచులు సాధారణంగా కాస్త పల్లంగా ఉంటాయి. టేపు, జాయింటింగ్ కాంపౌండ్ అందులో సర్దుకుంటాయి. సైట్‌లో కోసిన అంచుకు ఆ సౌకర్యం లేదు. ముందు కాగితంపై కత్తితో గీత పెట్టి, బోర్డును విరిచి, వెనక కాగితం కోస్తారు. అంచు గరుకుగా, కాగితం పీచులతో మిగులుతుంది. అలాగే బిగిస్తే బోర్డులు దగ్గరగా కూర్చోవు. పొడి రాలే చోట కాంపౌండ్ గట్టిగా పట్టదు. కొన్నాళ్లకు జాయింట్ దగ్గర సన్నని పగులు వస్తుంది. ఖర్చు ఎవరిదైనా, ముందు జవాబు చెప్పాల్సింది సైట్ ఇంజినీరే!

మూడు పనిముట్లు

* రాస్ప్: దీని బ్లేడు తురుము పీటలా ఉంటుంది. పళ్లు గీకిన పొడి చిల్లుల్లోంచి బయటికి పోతుంది. మామూలు ఆకురాయి అయితే జిప్సం పొడితో త్వరగా పూడుకుపోతుంది. స్టాన్లీ కంపెనీ సర్‌ఫామ్ ఈ రకానిదే.
* చాంఫర్ ప్లేన్: చిన్న చిత్రిక లాంటిది. కోసిన రెండు అంచులు కలిసేచోట వాటిని ఏటవాలుగా చెక్కుతుంది. ఏర్పడిన గాడిలో కాంపౌండ్ లోతుగా దిగుతుంది.
* శాండింగ్ బ్లాక్: చెక్కకు చుట్టిన శాండ్‌పేపర్ చాలు. మిగిలిన పీచులు తీయడానికి, ఆరిన కాంపౌండ్‌ను సాఫు చేయడానికి పనికొస్తుంది. చివరి సాఫుకు 150 నుంచి 220 నంబరు పేపర్ వాడొచ్చు.

చేతికి అలవాటు కావాలంటే...

ముందు కాగితం వైపు నుంచి వెనక్కి, ఒకే దిశలో తేలిగ్గా గీకండి. అటూ ఇటూ రుద్దితే కాగితం లేచిపోతుంది. తర్వాత బ్రష్‌తో పొడి దులపాలి. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

దగ్గర్లో ఫాల్స్ సీలింగ్ పని జరుగుతుంటే, మేస్త్రీని అడిగి రెండు ముక్కలు తెచ్చుకోండి. ఒకదాని అంచు నునుపు చేసి, మరోదాన్ని వదిలేసి, పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కళ్లకే తెలుస్తుంది.

ఇది చిన్న పని అనుకోకండి. వరల్డ్‌స్కిల్స్ అంతర్జాతీయ పోటీల్లో ‘ప్లాస్టరింగ్ అండ్ డ్రైవాల్ సిస్టమ్స్’ ఒక విభాగం. రేపు ఇంటర్వ్యూలో ‘జాయింట్ ఎందుకు పగిలింది?’ అని అడిగితే ఫ్రేమ్, స్క్రూలు, అంచు, టేపు... ఇలా వరసగా చెప్పండి. పుస్తకం చదివి చెప్పినవాళ్లకూ, చేసి చూసినవాళ్లకూ తేడా అక్కడే బయటపడుతుంది.