ఉడుత పిల్లకు వెంటనే పాలు ఎందుకు పట్టకూడదు?

గాలివానకు గూడు చెదిరి, కళ్లు తెరవని ఉడుత పిల్ల నేల మీద పడింది. అయ్యో, ఆకలేమో అనిపిస్తుంది. ఆగండి! ముందు దానికి కావాల్సింది వెచ్చదనం. బొచ్చు రాని పసికూన ఒంటి వేడిని నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే పాలు అరగవు. అందుకే మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, మూతలేని అట్టపెట్టెలో ఉంచి, ఆ చెట్టు దగ్గరే పెట్టండి. పిల్లులు, కాకులు రాకుండా దూరం నుంచి కాపలా కాయండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది అపోహే. తరచుగా తల్లే వచ్చి నోట కరుచుకుపోతుంది.

చీకటిపడేలోగా రాలేదా? అటవీశాఖకో, జంతు సంరక్షకులకో పెద్దల చేత ఫోన్ చేయించండి. ఈలోగా మీరే పాలు పట్టకండి. ఆవుపాలు ఉడుత పిల్లకు పడవు, విరేచనాలవుతాయి. వెల్లకిలా పట్టుకుని తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంకో వింత: ఇంత పసిది తనంతట తాను ఉచ్చ కూడా పోయలేదు. తల్లి నాకితేనే వస్తుంది. సంరక్షకులైతే గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మెల్లగా తుడుస్తారు.