పాత గొట్టం, సైకిలు చక్రాలు, ఇంటి గంట - వీటితో ఒక కారు



కారు అంటే పెద్ద ఫ్యాక్టరీలోనే తయారైతదని మనం అనుకుంటాం. కానీ మొట్టమొదట కార్లు చేసినవాళ్ళకు ఫ్యాక్టరీ లేదు. సామాన్లు అమ్మే కొట్టు కూడా లేదు. లోకంలో కార్లే లేనప్పుడు కారు సామాన్లు ఎవరు అమ్ముతరు? అందుకే దొరికిన వస్తువులతో వాళ్ళే చేసుకున్నారు. అట్లా చేసిన ఒక కారులో ఏ భాగం దేనితో చేశారో, ఎందుకు చేశారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. చివర మన ఊళ్ళకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. అది కూడా తప్పక చదవండి.

చేసింది ఎవరు?

హెన్రీ ఫోర్డ్ 1863లో అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. ఆయనకు పొలం పని కంటే యంత్రాలంటే ఇష్టం. 1879లో డెట్రాయిట్ పట్నం పోయి యంత్రాల షాపుల్లో పని నేర్చుకున్నాడు. 1891లో కరెంటు తయారుచేసే కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. పగలంతా ఉద్యోగం. రాత్రి ఇంటి వెనక చిన్న ఇటుకల షెడ్డులో సొంత పని.

వంటింట్లో ఇంజను

కారు కంటే ముందు ఆయన ఒక చిన్న ఇంజను చేసి చూశాడు. 1893 డిసెంబరు 24 రాత్రి దాన్ని వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టికి బిగించాడు. ఇంజనులో ముఖ్యమైనది సిలిండరు. దానికి ఒక అంగుళం గ్యాసు గొట్టం ముక్క వాడాడు. తిరిగే బరువు చక్రం కోసం పాత లేతు మిషను చక్రం పెట్టాడు. నిప్పురవ్వ కోసం ఇంట్లో కరెంటే తీసుకున్నాడు.

పెట్రోలు పోయడానికి సామాను ఏమీ లేదు. ఆ పని ఆయన భార్య క్లారా చేసింది. పక్క గదిలో రెండు నెలలు కూడా నిండని కొడుకు ఉన్నాడు. పండగ వంట మధ్యలో ఆమె వచ్చి చుక్క చుక్కగా పెట్రోలు పోస్తుంటే ఆయన చక్రం తిప్పాడు. ఇంజను నడిచింది! పుస్తకాల్లో ఫోర్డ్ పేరే పెద్దగా ఉంటది. కానీ ఆ రాత్రి క్లారా చేతులే ఇంజనులో ఒక భాగం అని నేను అంటాను.

ఏ భాగం దేనితో?

తర్వాత ఆయన అసలు కారు మొదలుపెట్టాడు. దాని పేరు క్వాడ్రిసైకిల్. అంటే నాలుగు చక్రాల సైకిలు అన్నట్టు.

1. సిలిండర్లు: పాత ఆవిరి ఇంజనుకు వాడిన ఆవిరి బయటికి పోయే గొట్టం ఉంటది కదా, దాన్ని కోసి రెండు సిలిండర్లు చేశాడు. లోపలి వెడల్పు రెండున్నర అంగుళాలు. సైకిలు పంపు చూడండి. గొట్టం లోపల కడ్డీ చివర ఉన్న బిళ్ళ ముందుకు వెనక్కు జరుగుతది. ఇంజను కూడా అట్లాంటిదే. కాకపోతే పంపులో మన చెయ్యి బిళ్ళను తోస్తది, ఇంజనులో పెట్రోలు మండి తోస్తది. కాబట్టి సిలిండరుకు కావలసింది నున్నగా, గుండ్రంగా, వేడికి తట్టుకునే గొట్టం. ఆవిరి గొట్టం ముందే వేడికి అలవాటు పడినది!

2. చక్రాలు: 28 అంగుళాల సైకిలు చక్రాలు నాలుగు. మన నాయనల పెద్ద సైకిలు చక్రం కూడా 28 అంగుళాలే. ఎడ్లబండి చక్రం వేస్తే బరువుకే బలం అంతా పోతది. ఆ ఇంజను బలం నాలుగు హార్స్‌పవర్లు మాత్రమే. పొలాల్లో వేసే 5 హెచ్.పి. మోటారు కన్నా తక్కువ.

3. బెల్టు, చైను: ఇంజను బలాన్ని చక్రానికి అందించడానికి ముందు బెల్టు, తర్వాత చైను. కుట్టుమిషను కింద తోలు బెల్టు, సైకిలుకు చైను మనం చూసేవే. బెల్టు మారిస్తే వేగం మారుతది. ఒకటి గంటకు సుమారు 16 కిలోమీటర్లు, ఇంకొకటి 32 కిలోమీటర్లు. వెనక్కి నడిచే గేరు లేదు. వెనక్కి పోవాలంటే దిగి తొయ్యాల్సిందే.

4. స్టీరింగు: గుండ్రటి చక్రం లేదు. పడవ చుక్కానికి ఉన్నట్టు ఒక కడ్డీ ఉంది. దాన్ని ఇటూ అటూ తిప్పడమే.

5. హారను: ఇంటి తలుపుకు పెట్టే గంట!

మొత్తం బరువు సుమారు 225 కిలోలు. 1896 జూన్ 4 తెల్లవారకముందే కారు సిద్ధమైంది. తీరా చూస్తే షెడ్డు తలుపులో నుంచి కారు పట్టలేదు. ఫోర్డ్ గొడ్డలి తీసుకుని ఇటుక గోడ పగలగొట్టి కారు బయటికి తీశాడు. ఒక స్నేహితుడు సైకిలు మీద ముందు పోతుంటే కారు వెనక పోయింది.

గంట కంటే ఎక్కువసేపు నడిపితే ఇంజను బాగా వేడెక్కేది. అప్పుడు ఆయన సిలిండర్ల చుట్టూ నీళ్ళు ఉండేటట్టు తొడుగు చేసి, ఒక నీళ్ళ ట్యాంకుకు గొట్టం కలిపాడు. సుమారు వెయ్యి మైళ్ళు తిప్పి కారును 200 డాలర్లకు అమ్మాడు. ఆ డబ్బుతో ఇంకో కారు పని మొదలుపెట్టాడు. తర్వాత పాత కారును మళ్ళీ తనే కొనుక్కున్నాడు. ఇప్పుడది మిచిగాన్‌లో ఆయన పేరుతోనే ఉన్న మ్యూజియంలో ఉంది.

తోలు ముక్కతో బ్రేకు

ఫోర్డ్ కంటే ముందే జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల కారు చేశాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా, 100 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న పుట్టింటికి ఆ కారులో పోయింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, చెక్కలకు తోలు కొట్టించింది. బ్రేకుకు తొడుగు వేయడం అట్లా మొదలైందని చెప్తారు. ఆ దారిలో మెకానిక్కు షాపు ఒక్కటీ లేదు. ఆమె చెయ్యే మెకానిక్కు. యంత్రాలు మగపిల్లల పని అనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

మనం నేర్చుకునేది

వస్తువు పేరు చూడకూడదు, అది చేసే పని చూడాలి. "నాకు సిలిండరు కావాలి" అనుకుంటే కొట్టుకు పోవాలి. "నున్నటి గట్టి గొట్టం కావాలి" అనుకుంటే పాత ఇనుప సామాన్ల కుప్పలోనే దొరకొచ్చు. ఇది ఒకటి. రెండోది, ఒకేసారి పెద్దది చేయకుండా ముందు చిన్నది చేసి చూడాలి. మూడోది, నడిపి చూస్తేనే లోపం ఎక్కడో తెలుస్తది.

మన ఊళ్ళకు పనికొచ్చే మాట

మనలో చాలామంది ఊళ్ళకు రోడ్డు లేదు. జబ్బు చేస్తే డోలీ కట్టి మోస్తారు. మా చిన్నమ్మకు నొప్పులు వచ్చినప్పుడు డోలీలో మోసుకుని పోతుంటే దారిలోనే బిడ్డ పుట్టింది. ఇద్దరూ బతికారు. ప్రతిసారీ అట్లా జరగదు, అది మీకూ తెలుసు.

డోలీలో మనిషి బరువు అంతా మోసేవాళ్ళ భుజాల మీదనే ఉంటది. 50 కిలోల మనిషి అయితే ముందు ఒకరికి 25, వెనక ఒకరికి 25. కర్ర బరువు వేరే. కింద ఒక చక్రం ఉంటే బరువులో ఎక్కువ భాగం నేల మీద పడుతది. మోసేవాళ్ళు పడిపోకుండా పట్టుకుని తోస్తే చాలు. రెండు చక్రాలు మన కాలిబాటలో పట్టవు. ఒక చక్రం పడుతది. విదేశాల్లో కొండల మీద దెబ్బలు తగిలినవాళ్ళను తేవడానికి ఒంటి చక్రం స్ట్రెచరు వాడుతున్నారు.

ఇప్పుడు ఫోర్డ్ లాగ ఆలోచిద్దాం. పెద్ద చక్రం అయితే రాళ్ళు సులువుగా ఎక్కుతది కానీ, మంచం ఎత్తుగా ఉండి పక్కకు ఒరుగుతది. చిన్న చక్రం అయితే ఒరగదు కానీ గుంటలో దిగబడుతది. కాబట్టి నడిమి సైజు, చిన్నపిల్లల సైకిలు చక్రం మంచిదని నా ఆలోచన. చక్రం సరిగ్గా బరువు మధ్యలో ఉండాలి. చట్రానికి వెదురు. పడుకోవడానికి గట్టి దుప్పటి, జారకుండా కట్టు. దిగుడులో వెనక నుంచి పట్టుకోవడానికి తాడు. ఎక్కడైనా పగ్గం తెగితే, కట్టు ఊడితే ఏమైతదో ముందే ఆలోచించాలి. అందుకే మనిషిని ఎక్కించే ముందు 50 కిలోల బియ్యం మూటతో పది సార్లు నడపాలి. మూట పడితే మళ్ళీ లేపుకోవచ్చు. మనిషి పడితే ఎట్లా?

ఇది రోడ్డుకు బదులు కాదు. రోడ్డు కావాల్సిందే. రోడ్డు వచ్చేదాకా భుజాలు కొంచెం తేలిక అయితే, దవాఖానకు కొంచెం ముందు చేరితే చాలు.

మీరు చేయాల్సింది

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇవి చూసి రాసుకుని రండి.

- మీ ఊరి నుంచి రోడ్డు దాకా ఎన్ని అడుగులు?
- బాట అన్నిటికంటే ఇరుకుగా ఉన్నచోట ఎన్ని జానలు?
- ఎన్ని వాగులు దాటాలి? చక్రాన్ని ఎత్తి మోయాల్సిన చోట్లు ఎన్ని?
- ఊళ్ళో పడి ఉన్న పాత సైకిలు సామాను ఏమేమి ఉంది?

కాగితం మీద రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి. లెక్కలన్నీ కలిపి, ఏ చక్రం ఏ బాటకు సరిపోతదో వచ్చే సంచికలో బొమ్మ గీసి చూపిస్తాను.

- 9వ తరగతి విద్యార్థిని